రసీదు దాచుకున్న బాబాయ్‌తో అరుణాచలంలో నాలుగు రోజులు

మొదటి రోజు

మా బాబాయ్ ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఇంట్లోకి కొత్తిమీర కట్ట కొన్నా పద్దు రాసే మనిషి. అలాంటాయన పోయినేడాది మా ఊరికి దగ్గర్లోని ఒక పీఠానికి వెళ్ళి, మంత్రోపదేశం కోసం 11,116 రూపాయలు కట్టొచ్చాడు. అది మొదటి మెట్టట. రెండో మెట్టుకి ఇంకా ఎక్కువ. చేతికో లామినేషన్ ఫొటో, ఒక రసీదు ఇచ్చి పంపారు. ఫొటో పిన్ని దేవుడి గూట్లో పెట్టింది. రసీదు ఆయన పర్సులో పెట్టుకున్నాడు.

"మంత్రం మంచిదే అమ్మాయ్. కానీ నా చెవిలో చెబుతున్నంతసేపూ ఆ స్వామి నన్ను చూడలేదు. నా వెనక లైన్ ఎంతుందో చూస్తున్నాడు" అన్నాడు నాతో.

అప్పట్నించి పట్టుకుంది ఆయనకి. అసలు గురువంటే ఎవరు, ఎలా గుర్తుపట్టాలి అని. తెల్లకాగితం మీద ఏడు ప్రశ్నలు రాసుకుని తిరుగుతున్నాడు. "నీకు పుణ్యం ఉంటుంది, ఈయన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళవే. ఆ ఏడు ప్రశ్నలూ రోజూ నన్ను అడుగుతున్నాడు" అని పిన్ని ఫోన్ చేసింది. నాకు నాలుగు రోజులు సెలవు దొరికింది. అరుణాచలం అనుకున్నాం.

తెనాలిలో రాత్రి రైలెక్కి, తెల్లారి కాట్పాడిలో దిగి, వేలూరు వెళ్ళి బస్సు పట్టుకున్నాం. పోలూరు దాటాక ఎడాపెడా పొలాల మధ్య నుంచి కొండ కనిపించడం మొదలైంది. చుట్టూ చిన్న గుట్టలే. ఇదొక్కటే ఎవరితోనూ కలవకుండా లేచి నిలబడి ఉంది. బాబాయ్ కిటికీ లోంచి దణ్ణం పెట్టుకున్నాడు. పక్కనున్న తమిళావిడ కూడా పెట్టుకుంది. కండక్టర్ చిల్లర లెక్కపెట్టుకుంటూనే ఒక చేత్తో గుండె మీద తాకించుకున్నాడు.

ఊళ్ళో దిగాక తమిళదేశం వచ్చామన్న భావనే రాదు. లాడ్జీల బోర్డులు, హోటళ్ళ మెనూలు, ఆటోల వెనక రాతలు, సగం తెలుగే. ఆటో అబ్బాయి "రండమ్మా, రమణాశ్రమం, రమణాశ్రమం" అని మన యాసలోనే పిలిచాడు, రేటు మాత్రం మనవాళ్ళకని ప్రత్యేకంగా చెప్పాడు. బాబాయ్ ఇరవై తగ్గించి ఎక్కాడు.

చెంగం రోడ్డు మీద రమణ మహర్షి ఆశ్రమం. గుడికి రెండు కిలోమీటర్ల దూరం. సాయంత్రం సమాధి హాల్లో పారాయణం జరుగుతోంది. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. నల్లరాతి స్తంభాల మధ్య జనం మెత్తగా ప్రదక్షిణ చేస్తున్నారు. చెప్పుల దగ్గర తప్ప ఎక్కడా హడావుడి లేదు.

పారాయణం అయ్యాక బాబాయ్ ఆఫీసు కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. "ఇక్కడ ఉపదేశం ఎవరిస్తారండీ?" అని అడిగాడు. అక్కడున్న పెద్దమనిషికి తెలుగు వచ్చు. రోజూ ఇద్దరు ముగ్గురైనా అడుగుతారేమో, విసుగు లేకుండా చెప్పాడు: ఇక్కడ ఎవరూ ఇవ్వరు, భగవాన్ రమణుల తర్వాత గురుస్థానంలో ఎవరినీ కూర్చోబెట్టలేదు, పాత హాల్లో కూర్చోండి.

"కూర్చుంటే?"

"కూర్చోండి" అన్నాడాయన మళ్ళీ.

రూముకి నడిచొస్తూ బాబాయ్ కాస్త నీరుగారిపోయాడు. "పోయిన గురువు దగ్గరికి వచ్చి ఏం చేస్తాం అమ్మాయ్? నోట్సు దిద్దనివాడు మేష్టారెలా అవుతాడు?"

నిజమే, నా దగ్గర జవాబు లేదు.

రెండో రోజు

ఆశ్రమం వెనక నుంచి కొండ మీదికి రాళ్ళు పరిచిన దారి ఉంది. స్కందాశ్రమం దాకా మెల్లగా నడిస్తే ముప్పావుగంట. బాబాయ్ మోకాళ్ళకి గంటంబావు పట్టింది. దారిలో కోతులు, రాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకున్న విదేశీయులు, సబ్బురాయి చెక్కి బొమ్మలు అమ్మేవాళ్ళు. ఒక మలుపులో చెట్లు విడిపోయి కింద గుడి మొత్తం కనబడుతుంది. నాలుగు దిక్కులా నాలుగు గోపురాలు, మధ్యలో ప్రాకారాలు, బల్ల మీద ఎవరో సర్దిపెట్టినట్టు. తూర్పు రాజగోపురం 11 అంతస్తులది, మన కృష్ణదేవరాయలు మొదలుపెట్టించినది. "మనవాడే" అన్నాడు బాబాయ్, ఆయన ఆస్తిలో భాగం ఉన్నట్టు.

రమణులు 1916 నుంచి 1922 దాకా స్కందాశ్రమంలో ఉన్నారు. తల్లి అళగమ్మ కడసారి జబ్బుపడింది ఇక్కడే. ఒక చెయ్యి ఆమె తల మీద, ఒక చెయ్యి గుండె మీద పెట్టి ఆఖరి శ్వాస దాకా కొన్ని గంటలు అలాగే కూర్చున్నారు. ఆ గది చాలా చిన్నది. మేం వెళ్ళేసరికి లోపల ఒకావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. మేం బయటే ఆగి, ఆవిడ లేచాక వెళ్ళాం.

అక్కడి నుంచి కిందికి మెట్లు దిగితే విరూపాక్ష గుహ. నాకు ఈ యాత్ర మొత్తంలో మనసు ఆగిపోయింది ఇక్కడే, అందుకని కాస్త ఎక్కువ రాస్తున్నాను.

గుహ అంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు వరండా, లోపల చీకటి గది, మధ్యలో విరూపాక్షదేవుడనే పూర్వపు యోగి సమాధి. వెచ్చగా, మూసేసినట్టు ఉంటుంది. లోపల పదిమంది పడితే ఎక్కువ. రమణులు 1899 నుంచి 1916 దాకా ఇక్కడున్నారు, వేసవిలో కొన్నాళ్ళు పక్కనున్న మామిడి చెట్టు గుహకి మారుతూ. వచ్చేనాటికి ఆయనకి పాతికేళ్ళు కూడా లేవు. రమణ అనే పేరూ లేదు. జనం బ్రాహ్మణస్వామి అనేవాళ్ళు. మాట్లాడేది తక్కువ.

ఈ గుహ ఒక మఠం వాళ్ళది. కార్తీక దీపం రోజుల్లో కొండకి జనం పోటెత్తుతారు కదా, గుహలో స్వామిని చూడాలంటే తలకింత అని మఠం మనిషి వసూలు మొదలుపెట్టాడు. నన్ను చూడ్డానికి జనం డబ్బు కట్టడమేమిటని ఆ కుర్రస్వామి గుహలోంచి లేచి బయట చెట్టు కింద కూర్చున్నాడు. వసూలు మనిషి కూడా తెలివైనవాడే, చెట్టు కూడా లోపలికి వచ్చేలా తన హద్దు ముందుకి జరిపాడు. స్వామి ఏమీ అనలేదు, ఇంకో గుహకి వెళ్ళిపోయాడు. జనమూ అటే పోయారు. ఖాళీ గుహకి డబ్బిచ్చేదెవరు? మఠంవాళ్ళు దిగొచ్చి, మీరున్నంతకాలం పైసా అడగం, రండి అని బతిమాలుకుంటే అప్పుడు తిరిగొచ్చాడు.

ఇది నేను బాబాయ్‌కి గుహ ముందు అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆయన పర్సు ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని విన్నాడు, తెలియకుండానే అనుకుంటా.

కాసేపాగి, "అయితే డబ్బు తీసుకోనివాడు గురువు అంటావా?" అన్నాడు.

"ఒక లక్షణం అనుకోవచ్చుగా."

"లెక్క కుదరదు. కింద ఆశ్రమానికి విరాళాలు రాలేదా? గుడి కట్టలేదా? వేలమందికి వండి పెట్టలేదా? తమ్ముడు చిన్నస్వామి దగ్గరుండి నడిపించాడు కదా. డబ్బు లేకుండా అయిందా? పైగా డబ్బు ముట్టని సోమరులు మన ఊళ్ళో నలుగురున్నారు. వాళ్ళు గురువులా?"

మేష్టారు మేష్టారే. నేను మళ్ళీ ఆలోచించాను. డబ్బు సంగతి కాదేమో. ఆయన ఎవరితోనూ గొడవ పడలేదు, బోధ చెయ్యలేదు, వసూలు మనిషిని తిట్టలేదు, తన పాటికి లేచి పక్కకి జరిగాడు. రెండోసారీ జరిగాడు. తన చుట్టూ ఏర్పడుతున్న దుకాణాన్ని అలా వదిలేసి నడవడం ఎంతమంది వల్ల అవుతుంది?

అదే వరండాలో 1907 నవంబర్ 18న ఇంకో సంగతి జరిగింది. దానికి తెలుగువాళ్ళం మనం సాక్షులం అనుకోవచ్చు. కావ్యకంఠ గణపతి ముని బొబ్బిలి దగ్గరి కలువరాయి ఊరివాడు. ఆశువుగా సంస్కృత కవిత్వం చెప్పి నవద్వీపంలో పండితుల చేత కావ్యకంఠ బిరుదు పుచ్చుకున్నవాడు. వందలమంది శిష్యులు. కోట్ల కొద్దీ జపం చేశాడు. అయినా ఏదో అందలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కొండెక్కి వచ్చి, వరండాలో ఒక్కడే కూర్చున్న కుర్రస్వామి పాదాలు రెండు చేతులా పట్టుకున్నాడు. చదవాల్సినవి చదివాను, జపం చేశాను, తపస్సంటే ఏమిటో మాత్రం తెలియలేదు, చెప్పండి అన్నాడు. స్వామి ఓ పావుగంట ఊరికే చూస్తూ కూర్చున్నారట. తర్వాత రెండు ముక్కలు: 'నేను' అన్నది ఎక్కడ పుడుతోందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అది తపస్సు. మంత్రం జపిస్తే ఆ శబ్దం ఎక్కడ పుడుతోందో చూడు, అక్కడే లీనమవుతుంది, అది తపస్సు.

గణపతి ముని వయసులో ఆయన కంటే ఏడాది పెద్ద. ఆయనే పేరడిగి తెలుసుకుని, వెంకటరామన్ లోంచి రమణ తీసి, భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పిలవమని తన శిష్యులందరికీ ఉత్తరాలు రాశాడు. మహర్షి అన్నది పైనుంచి వచ్చిన బిరుదు కాదన్నమాట. అడగడానికి వచ్చినవాడు పెట్టిన పేరు.

"ఆ పావుగంట" అన్నాడు బాబాయ్. "పావుగంట ఆయన్నే చూశాడు కదూ?"

నేను తలూపాను. బాబాయ్ ఇంకేం అనలేదు. దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని, "శిష్యుడు అంతటివాడైతే ఎవడైనా గురువవుతాడేమోలే" అన్నాడు. ఒప్పుకున్నట్టా, వెక్కిరించినట్టా, తెలియలేదు.

మధ్యాహ్నం పాత హాల్లో కూర్చున్నాం. రమణులు పగలూ రాత్రీ గడిపిన సోఫా, దాని మీద ఆయన పడుకుని ఉన్న పెద్ద చిత్రం. పదో నిమిషంలో బాబాయ్ గురక. నేను మోచేత్తో పొడిచాను. పక్కనున్న తెల్లగడ్డం ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

మూడో రోజు

పొద్దున్నే గుడికి వెళ్ళాం. క్యూ రెండున్నర గంటలు. దర్శనం రెండున్నర క్షణాలు. దాని గురించి రాయడానికేమీ లేదు.

వెయ్యికాళ్ళ మండపంలో పాతాళ లింగం మాత్రం చూడాలి. కిందికి దిగే నేలమాళిగ. 1896 సెప్టెంబర్ 1న పదహారేళ్ళ వెంకటరామన్ మదురై నుంచి పారిపోయి ఈ ఊరొచ్చాడు. అన్న కాలేజీ ఫీజు కట్టమని ఇచ్చిన 5 రూపాయల్లో 3 తీసుకుని, 2 రూపాయలు చీటీతో పాటు వదిలి వచ్చాడు. నీ ఫీజు ఇంకా కట్టలేదు, డబ్బు ఇదుగో అని రాసి మరీ. దారిలో డబ్బు చాలక చెవిపోగులు 4 రూపాయలకి తాకట్టు పెట్టాడు. విడిపించుకోవడానికి తాకట్టాయన రాసిచ్చిన చీటీ చింపేశాడు. ఊళ్ళోకి వచ్చాక మిగిలిన చిల్లర అయ్యంకుళం చెరువులో వేశాడు. తర్వాత ఈ నేలమాళిగలో, పురుగులు తొడలు తినేస్తున్నా తెలియకుండా కూర్చున్నాడు. రాళ్ళు వేసే పిల్లల్ని తరిమి కాపాడినవాడు శేషాద్రి స్వామి.

చీటీ చింపాడనగానే బాబాయ్, "తాకట్టు చీటీ చింపడమేమిటి? అది తప్పు" అన్నాడు. అన్నాక తనే నవ్వాడు.

సాయంత్రం నాలుగున్నరకి చెప్పులు రూములో వదిలేసి గిరిప్రదక్షిణ మొదలుపెట్టాం. 14 కిలోమీటర్లు. పౌర్ణమి కాదు కాబట్టి దారి మన కోసమే వేసినట్టుంది. ఇంద్రలింగం, అగ్నిలింగం, ఆ తర్వాత శేషాద్రి స్వామి ఆశ్రమం, రమణాశ్రమం పక్కపక్కనే. శేషాద్రి స్వామిని ఊరంతా పిచ్చివాడనుకునేది. ఒంటి మీద మట్టి, ఒక చోట నిలకడ లేదు. అంగట్లోకి దూరి సరుకు చిందరవందర చేసేవాడు. చేస్తే ఆ అంగడికి మంచి రోజులొచ్చాయని వర్తకులు సంబరపడేవాళ్ళు. ఆయన చెంపదెబ్బ తిన్నవాడు అదృష్టవంతుడు.

రోడ్డుకి కాస్త లోపలగా యోగి రామ్‌సూరత్‌కుమార్ ఆశ్రమం. ఈయనది గంగ ఒడ్డు ఊరు. ఇక్కడికొచ్చి గుడి దగ్గర రథాల పక్కన ఏళ్ళ తరబడి బతికాడు. చేతిలో కొబ్బరిచిప్ప, తాటాకు విసనకర్ర. తనని తాను బిచ్చగాడినని చెప్పుకునేవాడు. సిగరెట్ కాల్చేవాడు.

"సిగరెట్టా?" బాబాయ్ నడక ఆపేశాడు.

"సిగరెట్టే."

"గురువు శ్రోత్రియుడు, బ్రహ్మనిష్ఠుడు అయ్యుండాలని ఉపనిషత్తు చెబుతుంది అమ్మాయ్. వేదం చదివినవాడై ఉండాలి, బ్రహ్మంలో నిలిచినవాడై ఉండాలి. ఇక్కడ చూడు. ఒకాయన వేదం చదవలేదు, మెట్రిక్ కూడా కాలేదు. ఒకాయన పిచ్చివాడు. ఒకాయన సిగరెట్."

ఒకే ఊళ్ళో, వందేళ్ళ లోపల, ముగ్గురు. ఒకరి వాలకానికి ఇంకొకరితో పోలిక లేదు. కొలతబద్ద చేతిలో పట్టుకుని బయల్దేరినవాడికి ఈ ఊరు పెద్ద టెన్షన్. మేం నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో దక్షిణామూర్తి గుడి ఉంది. మర్రి కింద కూర్చుని, నోరు విప్పకుండా ముసలి శిష్యులకి సందేహాలు తీర్చిన కుర్ర గురువు. బాబాయ్ లోపలికి వెళ్ళి చాలాసేపు నిలబడి వచ్చాడు.

యమలింగం దాటాక ఒక కాషాయం మనిషి మాకు ఎదురొచ్చాడు. బాబాయ్ నుదుటికి బొటనవేలితో విభూతి పూశాడు. "మీకు గురుబలం తక్కువుంది, నా కళ్ళకి కనబడుతోంది" అన్నాడు చక్కటి తెలుగులో. ఐదొందలు అడిగాడు. బాబాయ్ జేబులోంచి పది తీసిచ్చి, "కనబడితే నయం చెయ్యి నాయనా, రేటు తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. నేను రోడ్డు పక్కన కూర్చుని నవ్వాను.

ఆది అణ్ణామలై దగ్గర చీకటి పడింది. అరికాళ్ళు మండుతున్నాయి. బాబాయ్ ఒక మండపం మెట్టు మీద చతికిలబడి మోకాళ్ళు రుద్దుకుంటూ మొన్నటి మాట మళ్ళీ ఎత్తాడు. రమణులకి గురువెవరు? ఈ కొండే నా గురువు అన్నారాయన. "సరే. కొండ గురువైతే, తప్పు చేస్తే దిద్దేదెవరు? మనుషులకి మనిషే కావాలి కదా."

దానికి నాకు తెలిసిందొకటి చెప్పాను. రమణులు నిజంగానే దిద్దేవారు. ఆశ్రమం పుస్తకాల ప్రూఫులు ఆయనే కూర్చుని దిద్దేవారు, చిరిగిన పుస్తకాలు కుట్టేవారు, అట్టలు వేసేవారు, భక్తులకి నోటుపుస్తకాల్లో ఒద్దికైన అక్షరాలతో శ్లోకాలు రాసిచ్చేవారు. భక్తురాలు సూరి నాగమ్మ అడిగితే 1947లో తెలుగులో ఏకాత్మ పంచకం రాసిచ్చారు. తెల్లవారుజామున వంటింట్లో కూరలు తరిగేవారు. తన విస్తట్లో ఒకటి ఎక్కువ పడితే, అందరికీ వేశారా అని అడిగేవారు.

"ప్రూఫులు దిద్దేవాడా?" బాబాయ్ మొహంలో ఈ మూడు రోజుల్లో చూడని వెలుగు. గుహ కథకి రాలేదది, గణపతి ముని కథకీ రాలేదు. "అక్షరదోషాలు కూడానా?"

"అక్షరదోషాలే."

లేచి నడవడం మొదలుపెట్టాడు. ఈశాన్యలింగం చేరేసరికి పదిన్నర. దారిలో ఇడుక్కు పిళ్ళయార్ దగ్గర సందులోంచి పాకి బయటపడాలి, నేను దూరాను. "నా లెక్క ప్రకారం నేను పట్టను" అని బాబాయ్ చుట్టూ తిరిగొచ్చాడు.

నాలుగో రోజు

బస్సు పదకొండింటికి. పొద్దున్నే ఆశ్రమానికి ఆఖరిసారి వెళ్ళాం. నెమళ్ళు కప్పుల మీద అరుస్తున్నాయి. తెలుగు పుస్తకాల అరలో బాబాయ్ శ్రీ రమణాశ్రమ లేఖలు తీసుకుని, వెల చూసి, మళ్ళీ చూసి, కొన్నాడు. చలం 1950లో ఈ ఊరొచ్చి 1979లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడని నేను చెబితే, "మన చలమే?" అన్నాడు. పెళ్ళికి ముందు దుప్పట్లో దాచుకుని చదివాడట. పిన్నికి ఈ సంగతి తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది.

వెనకవైపు వరసగా నాలుగు చిన్న సమాధులు. లక్ష్మి అనే ఆవు, వల్లి అనే జింక, ఒక కాకి, జాకీ అనే కుక్క. లక్ష్మి 1948 జూన్ 18న పోయింది. తల్లి దగ్గర కూర్చున్నట్టే రమణులు దాని తల మీద, గుండె మీద చేతులు పెట్టి కూర్చున్నారు. దానికి ముక్తి కలిగిందని తమిళంలో పద్యం రాశారు.

బాబాయ్ జేబులోంచి ఏడు ప్రశ్నల కాగితం తీశాడు. ఆవు సమాధి ముందు నిలబడి ఒక్కొక్కటీ మనసులో చదువుకున్నాడు. "ఈవిడకి ఏ మంత్రం చెప్పుంటాడమ్మాయ్?" అన్నాడు. కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఏ ఒక్క ప్రశ్నా కొట్టెయ్యలేదు, నేను చూశాను.

నిర్యాణ గది బయట కిటికీ దగ్గర ఆగాం. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8:47కి ఆయన పోయింది ఇక్కడే. చేతికి క్యాన్సర్ వచ్చి, నాలుగు ఆపరేషన్లయి, ఆఖరి రోజు సాయంత్రం కూడా దర్శనం ఆపొద్దన్నారు. జనం వరసగా నడుస్తూ ఈ గుమ్మంలోంచి చూసుకుని వెళ్ళారు. బాబాయ్ లోపలికి తొంగిచూసి, "వెనక లైన్ వైపు చూసుండడు" అని గొణిగాడు.

వేలూరు బస్సులో కిటికీ సీటు ఆయనకే ఇచ్చాను. పోలూరు దాకా కొండ వెనకే వచ్చింది. బాబాయ్ పెన్ను తీసి, పర్సులోంచి ఏదో కాగితం లాగి పద్దు రాయడం మొదలుపెట్టాడు. ఆటో 130. టిఫిన్ 90. సన్యాసికి 10. పుస్తకం. ఇటు తిప్పితే 'ఉపదేశ సేవ' అని ముద్ర కనిపించింది. రసీదు వెనక రాస్తున్నాడు. మొత్తం కూడి, రెండుసార్లు సరిచూసుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులోనే పెట్టుకున్నాడు.

"పల్లీలు కొన్నామే, అది రాయలేదు" అన్నాడు కాసేపటికి, పర్సు మళ్ళీ తెరుస్తూ.